తోమకండి, కడగండి

గత నెల ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు పాత దుప్పటిలో చుట్టిన నేమ్‌బోర్డు తెచ్చి మా బల్లమీద పెట్టారు. ఎనిమిది నెలల కిందట వాళ్ల గృహప్రవేశానికి మేమే చేసిచ్చాం. 5 మిల్లీమీటర్ల క్లియర్ అక్రిలిక్ షీటు, వెనకవైపు బంగారు రంగు అక్షరాలు, నాలుగు మూలలా స్టీలు బుడిపెలు. ఇచ్చిన రోజు అక్షరాలు గాల్లో తేలుతున్నట్టు ఉండేవి. ఇప్పుడు మంచు పట్టిన కిటికీలోంచి చూస్తున్నట్టుంది. "నాసిరకం షీటు పడిందేమో అమ్మా, చూడు" అన్నారాయన. ఆయన గొంతులో కోపం లేదు, బాధే ఉంది.

బోర్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాను. సన్నటి గీతలు, లెక్కలేనన్ని, అన్నీ గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఎవరో ఎంతో శ్రద్ధగా తోమిన గుర్తులవి. అడిగితే తెలిసింది. ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు రాసేటప్పుడు వాళ్లావిడ బోర్డును కూడా గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరుతో తోముతున్నారట. బోర్డుకు బొట్టు పెడతారు, పాత కుంకుమ పోవాలి కదా.

షీటు మంచిదే. నెలకు ఇలాంటి బోర్డులు మూడో నాలుగో మా దగ్గరికి వెనక్కి వస్తాయి. తెచ్చినవాళ్లలో ఒళ్లు బద్ధకంవాళ్లు ఒక్కరూ ఉండరు. ఇంటిని అద్దంలా పెట్టుకునేవాళ్ల బోర్డులే ముందు పాడవుతున్నాయి. అందుకే ఇది రాయాలనిపించింది.

గుంటూరు అరండల్‌పేటలో మాకు నేమ్‌బోర్డులు, షీల్డులు, ఫొటో ఫ్రేములు చేసే షాపు ఉంది. మా ఆయన మొదట్లో రేకుల మీద, గోడల మీద బ్రష్షుతో రాసేవారు. తర్వాత అక్రిలిక్ వచ్చింది, లేజర్ కటింగ్ వచ్చింది. ఇరవై రెండేళ్లుగా షీటు కోయించడం, అతికించడం, అంచులు పాలిష్ పట్టడం నా పని. 8 అడుగులకు 4 అడుగుల షీటు మీదున్న కాగితం పొర ఒలిచినప్పుడు కింద కనిపించే ఆ మెరుపు ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు కొత్తగానే ఉంటుంది. అక్కడ షీటు ఉందో లేదో చెయ్యి పెడితేగాని తెలియదు.

మన చేతులకు తోమడం అలవాటు చేసింది ఇత్తడి, కంచు, రాగి. మా అమ్మమ్మ చింతపండు, బూడిద, కాస్త ఇసుక, కొబ్బరిపీచు పెట్టి బిందెను తోమేది. తోమినకొద్దీ మెరిసేది. చింతపండులో పులుపు చిలుమును కరిగిస్తుంది, ఇసుక పైపొరను గీకేస్తుంది, కింద మళ్లీ కొత్త ఇత్తడి బయటపడుతుంది. ప్రతిసారీ బిందె కొంచెం అరుగుతూనే ఉంటుంది. ఆ అరుగుదల మనకు మెరుపులా కనిపిస్తుంది. ఆ తర్వాత స్టీలొచ్చింది, అదీ తట్టుకుంది. గాజు కూడా గట్టిదే. తడిపిన న్యూస్‌పేపరుతో కిటికీ అద్దాలు తుడిచినా ఏమీ కాలేదు. ఇన్ని తరాల అలవాటును అలాగే తీసుకెళ్లి ప్లాస్టిక్ మీద పెట్టాం. ఫ్రిజ్ ట్రేలు, మిక్సీ జారు మూతలు, దేవుడి పటాల ముందుండే షీట్లు, హెల్మెట్ అద్దాలు, కళ్లద్దాలు, అన్నీ చూడటానికి గాజులాగే ఉంటాయి. గాజుకున్న గట్టిదనం మాత్రం వాటికి లేదు.

స్క్రబ్బరు సంగతి చాలామందికి చెప్తే అర్థమవుతుంది. పొడిగుడ్డ సంగతే నమ్మరు. మన రోడ్డు దుమ్ములో ఉన్నది ఇసుక రేణువులు. ఇసుకంటే క్వార్ట్జ్. అది గాజు కన్నా గట్టిది, అక్రిలిక్ కన్నా మరీ గట్టిది. బోర్డు మీద దుమ్ము అలా కూర్చుని ఉన్నంతసేపూ ఏ హానీ లేదు. మెత్తటి గుడ్డే కదా అని పొడిగా రుద్దామో, ఆ గుడ్డ ఇసుకను పట్టుకుని షీటు మీద ఈడుస్తుంది. ఎంత మెత్తటి గుడ్డయినా అంతే. పైగా పొడిగా రుద్దితే ప్లాస్టిక్‌కు స్థిరవిద్యుత్తు పుడుతుంది. బళ్లో దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలు లేపిన ఆటే ఇది. తుడిచిన గంటకల్లా చుట్టుపక్కల దుమ్మును పిలిచి మళ్లీ పైన కూర్చోబెట్టుకుంటుంది. మళ్లీ తుడుస్తాం, మళ్లీ గీతలు. మిర్చి యార్డు వైపు కమిషన్ షాపులకు మేం చేసిన బోర్డుల్లో, రోజూ దులిపించుకున్నవాటికన్నా ఏడాదంతా ఎవరూ ముట్టనివి కడిగితే బాగా తేలడం నేను కళ్లారా చూశాను.

కడగడం ఇలా. ముందు నీళ్లు ధారగా పోసి, చెయ్యి తగలనివ్వకుండా దుమ్మును జారిపోనివ్వాలి. తీయడానికి వీల్లేని బోర్డయితే చెంబుతో పైనుంచి పోయండి, స్ప్రే బాటిల్లో మంచినీళ్లు పోసి బాగా కొట్టినా చాలు. తర్వాత చెంబెడు నీళ్లలో ఒక చుక్క షాంపూ, లేకపోతే గిన్నెలకు వాడే ద్రవం సబ్బు. పొడి సబ్బులు వద్దు, వాటిలో కరగని గరుకు మిగిలే ఉంటుంది. ఆ నీళ్లను అరచేత్తో రాయండి. ఈ పనికి అరచేతిని మించిన పనిముట్టు నాకు దొరకలేదు. చిన్న ఇసుక రేణువు మిగిలినా ముందు చేతికి తెలిసిపోతుంది, గుడ్డకు తెలియదు. ఉంగరాలు, గాజులు తీసి పెట్టుకోండి. మళ్లీ నీళ్లు. ఆఖరున బాగా నలిగిన నూలుచీర ముక్కతో అద్దాలి, రుద్దకూడదు. తడిని గుడ్డ పీల్చుకునేదాకా ఊరికే ఆనించి ఉంచితే చాలు. ఆ చీర ముక్కకు జరీ అంచు ఉంటే కత్తిరించేయండి.

అద్దకుండా ఆరబెడితే మన బోరు నీళ్లు ఊరుకోవు. తెల్లటి చుక్కలు దిగుతాయి. అది నీళ్లలోని సున్నం. దాన్ని గోకబోయి షీట్లు పాడుచేసుకున్నవాళ్లు చాలామంది. సగం నీళ్లు, సగం వెనిగర్ కలిపి గుడ్డ తడిపి, ఆ చుక్కల మీద పది నిమిషాలు పరిచి ఉంచితే అదే కరిగిపోతుంది. నిమ్మరసం వడగట్టి నీళ్లు కలిపినా సరే. అమ్మమ్మ చింతపండు దగ్గర ఇసుకను వదిలేసి పులుపు మాత్రం తెచ్చుకున్నామన్నమాట.

ఇక స్ప్రేల సంగతి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఊళ్లో మిగతా పనులన్నీ ఆగిపోయాయి, మాకు మాత్రం కౌంటర్ల ముందు పెట్టే అక్రిలిక్ షీట్ల పని వచ్చిపడింది. మందుల షాపులు, కిరాణా కొట్లు, కమిషన్ షాపులు. కింద చేతులు పట్టేంత కిటికీ కోసి, నిలబడటానికి రెండు కాళ్లు అతికించి ఇచ్చేవాళ్లం. రెండు నెలలు తిరక్కుండానే ఫోన్లు. షీటు పగుళ్లిచ్చిందని. వెళ్లి చూస్తే, ఆ కోసిన కిటికీ అంచుల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు, వెలుతురు పడితే వెండి దారాల్లా మెరుస్తున్నాయి. ఎవరూ కొట్టలేదు, ఎవరూ గీకలేదు. గంటకోసారి శానిటైజర్ చల్లి తుడిచారు, అంతే.

లేజర్‌తో షీటును కోసినప్పుడు అంచు కరిగి మళ్లీ గట్టిపడుతుంది. ఆ గట్టిపడటంలో లోపల ఒక బిగువు మిగిలిపోతుంది. కంటికి కనపడదు. శానిటైజర్లో ఎక్కువ భాగం ఆల్కహాల్. అది ఆ బిగువున్న చోట షీటులోకి చొరబడి, బిగువును వదిలిస్తుంది. అలా వదిలిన ప్రతిచోటా ఒక పగులు. ఇది మాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఎందుకంటే షీట్లు అతికించడానికి మేం వాడేది క్లోరోఫాం. రెండు అంచులు ఆనించి సూదితో సందులోకి వదిలితే, రెండువైపులా కాస్త కరిగి, ఒకదాన్నొకటి పట్టుకుని, క్లోరోఫాం ఎగిరిపోయాక ఒకే ముక్కయిపోతాయి. ద్రావకాలకు అక్రిలిక్ ఎంత తొందరగా లొంగుతుందో రోజూ చేతిలో చూస్తూ కూడా, శానిటైజర్ చల్లొద్దని ఒక్క చీటీ రాసి ఇవ్వలేదు. ఆ తప్పు మాది. ఆ కష్టకాలంలో డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు నష్టపోయారు. సగానికి పైగా షీట్లు కూలి తీసుకోకుండా మార్చిచ్చాం.

స్పిరిట్, థిన్నర్, పెట్రోలు, గోళ్లరంగు తీసే ద్రవం, ఇవేవీ అక్రిలిక్ దరిదాపులకు రానివ్వకండి. స్టిక్కరు జిగురు పోవడానికి కొబ్బరినూనె రాసి గంటసేపు వదిలేసి సబ్బునీళ్లతో కడిగితే చాలు. కిటికీ అద్దాలకు కొట్టే స్ప్రేల్లో కొన్నిటిలో అమ్మోనియా ఉంటుంది. అది పాలికార్బనేట్‌కు పడదు. హెల్మెట్ అద్దం, కారు హెడ్‌లైటు ఆ పాలికార్బనేట్‌వే. సుత్తి దెబ్బకు కూడా తొణకనంత గట్టిది ఒక ఘాటు వాసన నీళ్లకు బలహీనపడుతుందంటే నమ్మబుద్ధి కాదు. రసాయనం దారి వేరు, దెబ్బ దారి వేరు.

ఇంత జాగ్రత్త ఒక ప్లాస్టిక్ ముక్కకెందుకు అని అడిగేవాళ్లుంటారు. నేనూ దాన్ని వ్యాపార సరుకుగానే చూశాను, మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయ్యేదాకా. లోపల పెట్టే కటకం ఏంటండీ అని అడిగితే డాక్టరుగారు "అక్రిలిక్కేనమ్మా" అన్నారు. ఒళ్లు జలదరించింది. ఇంటికొచ్చి మా అబ్బాయి చేత ఆ చరిత్రంతా చదివించుకున్నాను. జర్మనీలో ఒట్టో రోమ్ అనే ఆయన కంపెనీ 1933లో ఈ షీటుకు ప్లెక్సీగ్లాస్ అని పేరు పెట్టిందట. ఇంగ్లండులో పెర్‌స్పెక్స్ అన్నారు. గాజు బరువులో సగం కూడా ఉండదు, పడిన వెలుతురులో 92 శాతాన్ని తనలోంచి పోనిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాల పైకప్పులకు అదే వాడారు. గుళ్లు తగిలి ఆ కప్పులు పగిలినప్పుడు ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. ఆ కళ్లను పరీక్షించిన హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు ఒక విషయం గమనించాడు. ఆ ముక్కలు లోపలే ఉన్నా కన్ను వాటిని శత్రువుగా చూడటంలేదు, వాయటంలేదు. 1949 నవంబరులో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆయన ఆ పదార్థంతోనే చేసిన కటకాన్ని ఒక రోగి కంట్లో పెట్టాడు. తర్వాత మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రివాళ్లు 1992లో ఆరోల్యాబ్ మొదలుపెట్టి, ఆ కటకాల్ని మనలాంటివాళ్లకు అందే ధరకు తెచ్చారు. ఇప్పుడు కంట్లో మడతపెట్టి దూర్చే మెత్తటి కటకాలు మా షీటుకు దాయాదులే. కట్టు విప్పిన రోజు అమ్మ మా షాపు బోర్డును వీధి అవతలి నుంచి చదివింది. ఆ రోజు నుంచి షీటు మీద ఎవరైనా తాళంచెవులు పడేస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

గీతలు పడిపోయాక ఏం చెయ్యాలి? ముందు గోరు పెట్టి చూడండి. గీత మీద గోరు అడ్డంగా పోనిస్తే, ఎక్కడా ఆగకుండా జారిపోతే అది పైపై గీత. పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుంటే లోతైనది. మా నాన్న హెచ్ఎంటీ జనతా వాచీ మీద నేను నేర్చుకున్న పాఠమిది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీలను మా నాన్న తరంవాళ్లు తాళికట్టే రోజు చేతికి పెట్టుకున్నారు. వాటి అద్దం గాజు కాదు, అక్రిలిక్. నాన్న పోయాక ఆ వాచీని పెట్టెలోంచి తీసేసరికి అంకెలు మసకమసకగా ఉన్నాయి. పట్నంబజారులో వాచీలు బాగుచేసే ముసలాయన ఒకరు తెల్ల పళ్లపేస్టు బఠానీ గింజంత తీసుకుని, తడి నూలుగుడ్డ వేలికి చుట్టి, చిన్న చిన్న చుట్లుగా రుద్దారు. అయిదారు నిమిషాలు. కడిగి ఇచ్చేసరికి ముల్లు కదలడం కనిపించింది. పేస్టులో ఉండే సన్నటి పొడి, గీతల గట్లను అరగదీసి చదును చేస్తుంది. గీత మాయమవలేదు, దాని చుట్టూ ఉన్న నేలే దిగింది. కాబట్టి ఏటా చేసే పని కాదది. పదేళ్లకొకసారి చాలు. జెల్ పేస్టులు, బొగ్గు కలిపినవి వద్దు.

లోతు గీతలకు వాటర్ పేపరు కావాలి. 1000 నంబరుతో మొదలుపెట్టి 1500, తర్వాత 2000. ప్రతిసారీ నీళ్లు పోస్తూ, ఒక నంబరుతో అడ్డంగా రుద్దితే తర్వాతిదానితో నిలువుగా. అలా చేస్తేనే ముందు నంబరు గీతలు పోయాయో లేదో కనిపిస్తుంది. మధ్యలో షీటు పూర్తిగా తెల్లబడిపోతుంది. చూసినవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. భయపడొద్దు. ఆఖరున కార్ల పెయింటింగ్ షాపుల్లో దొరికే రబ్బింగ్ కాంపౌండుతో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దితే వెలుతురు తిరిగొస్తుంది. మెషీను చక్రం పెట్టేవాళ్లు ఒకేచోట ఆపితే వేడికి షీటు కరుగుతుంది, అది మాత్రం గుర్తుంచుకోండి.

ఇదంతా ఒట్టి అక్రిలిక్‌కే. కళ్లద్దాల మీద, హెల్మెట్ అద్దాల మీద, హెడ్‌లైట్ల మీద కంపెనీలో ఒక పలచని గట్టి పూత వేస్తారు. పేస్టు, కాంపౌండు రుద్దితే గీతల కన్నా ముందు ఆ పూత పోతుంది. రోడ్డు పక్కన హెడ్‌లైట్లు కొత్తవాటిలా చేస్తామని కూర్చునేవాళ్లు చేసేది అదే. ఆ సాయంత్రానికి లైటు మెరుస్తుంది. ఎండను ఆపే పూత మళ్లీ వెయ్యకపోతే కొన్ని నెలల్లో ముందుకన్నా ఎక్కువ పచ్చబడుతుంది. పూత వేస్తావా అని అడిగాకే చెయ్యి పెట్టనివ్వండి. కళ్లద్దాలు పంచె కొసతో, పైట చెంగుతో తుడవడం మానేసి పంపు కింద పట్టండి.

వంటింటి డబ్బాల పసుపు మరకకు ఏ రుద్దుడూ అక్కర్లేదు. కడిగి ఒక పూట ఎండలో పెడితే పసుపు రంగు ఎండకే విరిగిపోతుంది. ఎండలోనే వదిలేస్తే డబ్బా పాడవుతుంది కాబట్టి సాయంత్రం లోపలికి తెచ్చుకోండి. డైనింగ్ టేబుల్ మీద పరిచే మెత్తటి కవరు పచ్చబడితే దానికి చికిత్స లేదు, మార్చుకోవడమే.

నాకు నిజంగా నిద్రపట్టనివ్వనిది హెల్మెట్ అద్దం. మా అబ్బాయి మంగళగిరిలో పనిచేస్తాడు, రాత్రి పదింటికి హైవే మీద బండిమీద వస్తాడు. ఒకరోజు వాడి హెల్మెట్ పెట్టుకుని వీధిలో నిలబడ్డాను. ఎదురుగా వచ్చే ప్రతి లైటు చుట్టూ సూదుల్లా వెలుగు పేలింది. ఆ వెలుగు వెనక నడుస్తున్న మనిషి కనిపించలేదు, గేదె కనిపించలేదు. ప్రతి గీతా తన మీద పడిన లైటును ఇష్టమొచ్చినవైపు చిమ్ముతోంది. వాడు రోజూ ఏం చేసేవాడంటే, బండి ఎక్కేముందు పొడి చేతిరుమాలుతో అద్దం తుడిచేవాడు. మరుసటిరోజే కొత్త అద్దం వేయించాను. పాలిష్ పట్టడం నా వృత్తే అయినా దాని జోలికి పోలేదు. ఇప్పుడు వాడు ఇంటికి రాగానే హెల్మెట్ అద్దం పంపు కింద పెడతాడు, పురుగులు అంటుకుంటే తడిగుడ్డ పరిచి నాననిస్తాడు.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ మన దేశంలో అమ్మకూడదు. మంచి నిబంధన. ఆ గుర్తున్న హెల్మెట్ల మూడు పెట్టెలు మా ఇంట్లోనే ఉన్నాయి. మూడిట్లోనూ అద్దం ఎలా కడగాలో, దేనితో తుడవకూడదో తెలుగులో ఒక్క ముక్క లేదు. బట్టల మీద ఉతికే పద్ధతి గుడ్డ ముక్క మీద అచ్చువేసి కుడతారు. ప్రాణానికి అడ్డం పెట్టుకునే వస్తువుకు ఆపాటి మాట రాయడానికి ఏం ఖర్చవుతుంది? "పొడిగా తుడవకండి. నీళ్లతో కడగండి. స్పిరిట్ వాడకండి." ఇంతే కదా. ఫ్రిజ్ ట్రే మీద, మిక్సీ మూత మీద, కౌంటరు షీటు మీద ఏ ప్లాస్టికో పేరు, ఈ మూడు వాక్యాలు, కొనేవాళ్ల భాషలో ఉండాలి. కొనేటప్పుడు మనమే అడగాలి. షాపువాళ్లు తెలియదంటే కంపెనీకి రాయమనాలి. అడగనిదే ఎవరూ అచ్చువెయ్యరు. మా షాపులో 2020 చివరి నుంచీ ప్రతి బోర్డు వెనకా ఆ మూడు వాక్యాల చీటీ అతికిస్తున్నాం. బోర్డు గోడకు బిగించాక చీటీ ఎవరికి కనిపిస్తుందని మాస్టారి బోర్డు చూశాకే తట్టింది. ఇప్పుడు అదే చీటీ రెండోది ఇంటావిడ చేతికిస్తున్నాం.

మాస్టారి బోర్డుకు గంటన్నర పట్టింది. అక్షరాలు వెనకవైపు ఉన్నాయి కాబట్టి ముందు భాగం ధైర్యంగా వాటర్ పేపరుతో తియ్యగలిగాం. తీసుకెళ్లడానికి ఆయనతోపాటు పిన్నిగారు కూడా వచ్చారు. "నేనే పాడుచేశానా అమ్మా?" అన్నారు, నా ముఖంలోకి చూడకుండా. లేదు పిన్నిగారూ, మేం చెప్పలేదు అన్నాను. షాపు వెనక పంపు దగ్గరికి తీసుకెళ్లి బోర్డు ఆవిడ చేతికే ఇచ్చాను. గాజులు మోచేతి మీదకు నెట్టుకుని, నీళ్లు పోసి, అరచేత్తో నెమ్మదిగా రాశారు, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు. తుడవడానికి అలవాటుగా పైట చెంగు అందుకున్నారు. అంచుకు జరీ ఉంది. ఒక్క క్షణం దాన్ని చూసి వదిలేసి, కుచ్చిళ్ల దగ్గర మెత్తటి నూలు తీసుకుని బోర్డుకు ఆనించి అలాగే పట్టుకుని నిలబడ్డారు.